పసివాళ్ల వాటా పదిలమేనా?

తల్లో తండ్రో కన్నుమూసిన క్షణానే పిల్లలకు ఆస్తిలో హక్కు వచ్చేస్తుంది. ఎవరూ దయతలచి ఇవ్వనక్కర్లేదు, ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. అయినా పద్దెనిమిదేళ్లు నిండేసరికి ఎందరో పిల్లల చేతిలో ఏమీ మిగలడం లేదు. చట్టం ఇచ్చింది మధ్యలో ఎక్కడ జారిపోతోంది?

పెద్దకర్మ భోజనాలు ముగిసి, దూరపు చుట్టాలు బస్సెక్కాక, ఇంటి ముందు పందిట్లో నాలుగు కుర్చీలు పడతాయి. తాతయ్య, పెదనాన్న, మేనమామ, ఊరి పెద్దమనుషులు ఒకరిద్దరు కూర్చుంటారు. పోయినవాడికి అప్పులెన్ని ఉన్నాయి, బంగారం ఎవరి దగ్గరుంది, ఈ ఏడు పొలం ఎవరు చేయాలి, ఎల్‌ఐసీ డబ్బు ఎప్పుడొస్తుంది... ఒక్కొక్కటే మాటకొస్తుంది. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు లోపలి గదిలో ఉంటుంది. పిల్లలు ఇంకెక్కడో ఉంటారు. బయట మాట్లాడుతున్న ఆస్తిలో సగమో, అంతకు మించో ఆ పిల్లలదేనన్న సంగతి పందిట్లో ఉన్న చాలామందికి తట్టదు.

వాళ్లలో చెడ్డవాళ్లెవరూ ఉండకపోవచ్చు. ‘పిల్లలు చిన్నవాళ్లు కదా, ముందు ఈ గండం గట్టెక్కనీ, వాళ్ల సంగతి తర్వాత చూద్దాం’ అంటారు. ఆ తర్వాత పొలం చేతులు మారుతుంది, నగలు తాకట్టుకు వెళతాయి, బీమా సొమ్ము అప్పుల్లో కలిసిపోతుంది. బిడ్డ కాలేజీకి వచ్చేనాటికి అడగడానికి ఆస్తి ఉండదు, చెప్పడానికి పెద్దలు ఉండరు.

పిల్లల వారసత్వం గురించి మాట వచ్చినప్పుడల్లా చట్టం ఏం చెబుతోందని అడుగుతాం. చట్టం ఇవ్వాల్సింది చాలావరకు ఇచ్చింది. తండ్రి పోయిన రోజుకీ, బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండే రోజుకీ మధ్య ఆ వాటాకు కాపలా ఎవరన్నదే ఇప్పుడు తేల్చుకోవాల్సిన విషయం.

మూడెకరాల లెక్క

ఒక రైతు సొంత సంపాదనతో మూడెకరాలు కొన్నాడనుకుందాం. వీలునామా రాయకుండా పోయాడు. భార్య, కొడుకు, కూతురు, తల్లి ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఈ నలుగురూ మొదటి తరగతి వారసులే, నలుగురికీ సమాన వాటాలే. ఆంధ్ర లెక్కలో తలా 75 సెంట్లు, తెలంగాణ లెక్కలో తలా 30 గుంటలు. కొడుక్కి ఎక్కువ, కూతురికి తక్కువ అన్నది లేదు. పోయినవాడి తండ్రికి ఇందులో వాటా రాదు, అన్నదమ్ములకు అసలే రాదు.

అదే మూడెకరాలు తరాలుగా వస్తున్న ఉమ్మడి ఆస్తి అయితే లెక్క వేరు. అందులో పిల్లలకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. కాబట్టి తండ్రి, కొడుకు, కూతురు బతికుండగానే తలా ఎకరం పంచుకున్నట్టు ముందు లెక్క కడతారు. ఆపైన తండ్రి ఎకరాన్ని నలుగురికీ పాతిక సెంట్ల చొప్పున వేస్తారు. అంటే పిల్లలకు చెరో ఎకరం పాతిక సెంట్లు, భార్యకు పాతిక, తల్లికి పాతిక. ఒకే పొలం, అదే కుటుంబం. ఆస్తి స్వార్జితమా, పిత్రార్జితమా అన్న ఒక్క తేడాతో పిల్లల వాటా 75 సెంట్ల నుంచి 125 సెంట్లకు పెరిగింది. పంపకాల మాట ఎత్తకముందే ఈ సంగతి తేల్చుకోవాలనేది ఇందుకే.

ఇక్కడ ఒక అపోహ కూడా ఉంది. ‘తాత ఆస్తి మనవడిదే’ అని ఊళ్లో ధీమాగా చెబుతుంటారు. అన్ని సందర్భాల్లో అది నిజం కాదు. తాత స్వార్జితం వారసత్వంగా తండ్రికి వస్తే అది తండ్రి సొంత ఆస్తే అవుతుందని, మనవడికి పుట్టుకతో అందులో హక్కు రాదని 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే తాత కంటే ముందే తండ్రి పోతే, తాత తర్వాత ఆ తండ్రికి రావాల్సిన వాటా అతని భార్యాబిడ్డలకు వస్తుంది. తల్లి వైపునా అంతే. అమ్మమ్మగారింట్లో తాతయ్య కంటే ముందే కూతురు కన్నుమూస్తే, తాతయ్య వీలునామా రాయకుండా పోయిన రోజున ఆ కూతురి వాటా ఆమె పిల్లలకు చెందుతుంది. అల్లుడికి అందులో భాగం లేదు. ‘ఆడపిల్లే పోయింది, ఇంకా వాటా ఏమిటి’ అని మేనమామలు అనుకునే చోట ఆ పిల్లలకు చట్టం అండగా ఉంది.

కూతుళ్ల విషయంలో తెలుగువాళ్లం దేశానికి దారి చూపినవాళ్లం. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్లయిన వాళ్లను మాత్రం అది వదిలేసింది. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ గీతను చెరిపేసింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, సవరణ వచ్చిన నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందు పద్ధతిగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగతోడకూడదు.

తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డకూ వాటా ఉంది. ఆ బిడ్డ ప్రాణాలతో పుడితే చాలు, తండ్రి పోకముందే పుట్టినట్టుగా చట్టం లెక్కవేస్తుంది. పెళ్లి చట్టప్రకారం చెల్లకపోయినా పిల్లలు మాత్రం చెల్లుతారు. రెండో పెళ్లి పిల్లలకు తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉందని, ఉమ్మడి ఆస్తిలో తండ్రి భాగానికి వచ్చిన దాంట్లోనూ వాళ్లకు వాటా ఉందని 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పెద్దలు చేసిన పనికి పిల్లలను శిక్షించరాదన్నది ఆ తీర్పు వెనుక ఉన్న న్యాయం.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా రాసేయవచ్చు. పిల్లలకు తప్పనిసరిగా ఇంత ఉంచాలన్న నియమం హిందూ చట్టంలో లేదు. అలాంటప్పుడు కూడా మైనర్ పిల్లలను పోషించే బాధ్యత ఆ ఆస్తి పొందినవాళ్ల మీద ఉంటుంది. వచ్చిన ఆస్తి మేరకు వాళ్ల నుంచి మనోవర్తి కోరవచ్చు.

తల్లి పోయిన ఇంట్లో

తండ్రి ఆస్తి గురించి కనీసం పందిట్లోనైనా మాట వస్తుంది. తల్లి ఆస్తి గురించి ఎవరూ మాట్లాడరు. ఆమె పేరన ఆస్తి ఉందన్న స్పృహే ఉండదు. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు రాసిచ్చిన అరెకరం, ఆమె పేరన కొన్న ప్లాటు, డ్వాక్రా సంఘంలో పొదుపు, మెడలో గొలుసు, చేతి గాజులు... ఇవన్నీ ఆమె ఆస్తులే. ఆమె పోతే భర్తకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమానంగా చెందుతాయి. ఇద్దరు పిల్లలుంటే భర్తకు మూడో వంతే, మిగతా రెండు వంతులూ పిల్లలవే.

తండ్రి మళ్లీ పెళ్లి చేసుకునే ఇంట్లో ఈ లెక్కకు చాలా విలువ ఉంది. కొత్తగా వచ్చిన భార్యకు మొదటి భార్య ఆస్తిలో నేరుగా హక్కు లేదు. కానీ తల్లి నగలేమిటి, ఎన్ని తులాలు, ఎక్కడున్నాయి అన్నది అప్పుడే రాసిపెట్టకపోతే పదేళ్ల తర్వాత ఆ బంగారం తల్లిదని నిరూపించడం ఏ బిడ్డ తరమూ కాదు. నగలకు పట్టా ఉండదు.

కట్నం వేధింపుల మధ్య తల్లి పోయిన ఇళ్ల సంగతి చెప్పుకోవాలి. పెళ్లయిన ఏడేళ్లలోపు సహజ కారణాలతో కాకుండా ఆమె మరణిస్తే, ఇచ్చిన కట్నం ఆమె పిల్లలకు చెందాలని వరకట్న నిషేధ చట్టం చెబుతోంది. వాళ్ల చేతికి అందేదాకా దాన్ని ఆ పిల్లల కోసమే ట్రస్టుగా ఉంచాలి. పిల్లలు లేకపోతేనే ఆమె తల్లిదండ్రులకు తిరిగి వెళుతుంది. ఇక హత్య చేసినవాడికి, హతమైన మనిషి ఆస్తిలో వారసత్వమే లేదు. ఇలాంటి కేసుల్లో క్రిమినల్ విచారణ మీదే అందరి దృష్టీ ఉంటుంది. పిల్లలకు రావాల్సిన సొమ్ము మాట ఎవరూ ఎత్తరు.

దస్తావేజులో ఒక వాక్యం

మైనర్లకు వాటా ఉన్న పొలం అమ్మిన దస్తావేజు ఏదైనా తీసి చూడండి. అమ్మేవాళ్ల పేర్ల వరుసలో ముందు తల్లి పేరు, దాని కింద మైనర్ల పేర్లు, వయసులు, ‘వీరి తరఫున సహజ సంరక్షకురాలు తల్లి’ అన్న మాట ఉంటాయి. ఎందుకు అమ్ముతున్నారో చెప్పే చోట కుటుంబ అవసరాలు, అప్పు తీర్చడం, మైనర్ల పోషణ, వారి విద్యాబుద్ధులు అన్న మాటలు వరుసగా వస్తాయి. చాలా దస్తావేజుల్లో అవే మాటలు. పిల్లల చదువు కోసం అమ్మిన ఆ డబ్బులో ఎంత ఆ పిల్లల పేరన బ్యాంకులో పడిందో మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ఇక్కడ గట్టి అడ్డుకట్ట వేసింది. మైనర్ స్థిరాస్తిని అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, దానమివ్వాలన్నా, మార్పిడి చేయాలన్నా తల్లి అయినా సరే ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. ఐదేళ్లకు మించి కౌలుకివ్వాలన్నా అంతే. తప్పనిసరి అవసరమో, మైనర్‌కు స్పష్టమైన మేలో కనిపిస్తేనే కోర్టు ఒప్పుకుంటుంది. తల్లిదండ్రులు కాని తాతయ్య, బాబాయి, మేనమామ తాము పెంచుతున్నామన్న కారణంతో మైనర్ ఆస్తిని అమ్మడానికి వీల్లేదు. ఉమ్మడి కుటుంబంలో ఇంకా విడిపోని వాటాను కుటుంబ పెద్ద చట్టబద్ధమైన అవసరం కోసం అమ్మితే ఈ సెక్షన్ వర్తించదు. కానీ ఆ అవసరం నిజంగా ఉందని నిరూపించాలి.

అనుమతి లేకుండా తల్లి అమ్మితే ఆ బిడ్డ పెద్దయ్యాక దాన్ని రద్దు చేయించుకోవచ్చు. పద్దెనిమిది నిండిన మూడేళ్లలోపు, అంటే ఇరవై ఒకటి దాటకముందే ఆ పని చేయాలి. దావాయే వేయనక్కర్లేదని, ఆ అమ్మకాన్ని తాము ఒప్పుకోవడం లేదని స్పష్టమైన చేతల ద్వారా చూపినా చాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇంటర్ మార్కుల గొడవలో ఉంటాడు. తన పేరన ఒక పొలం ఉండేదని, దాన్ని అడిగే గడువు మొదలైందని అతనికి ఎవరు చెబుతారు? మూడేళ్లు గడిచాక ఆ హక్కు ఇక చేతికి రాదు.

తల్లులను ఇక్కడ తప్పుపట్టడం తేలికే, అన్యాయం కూడా. అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చుంటే, స్కూలు ఫీజు కట్టాల్సి వస్తే, జిల్లా కోర్టులో ఓపీ (అనుమతి పిటిషన్) వేసి నెలల తరబడి తిరగడం ఒంటరి ఆడమనిషికి ఎంత కష్టమో ఎవరైనా ఊహించగలరు. అనుమతి లేదని తెలిసిన కొనుగోలుదారు ధర తగ్గించి అడుగుతాడు. ఆమె తలవంచి ఒప్పుకుంటుంది. ఆస్తి చేజారడమే కాదు, చౌకగా చేజారి పిల్లలు రెండు విధాలా నష్టపోతారు.

నామినీ, అప్పు, పింఛను

‘నామినీగా నా పేరే ఉంది, డబ్బు నాదే’ అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. డబ్బు తీసుకుని వారసులకు అప్పగించే మనిషే నామినీ అని 1983లోనే సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లకూ ఇదే వర్తిస్తుందని 2023 డిసెంబరులో మరో తీర్పు వచ్చింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రుల్లో ఎవరిని నామినీగా రాస్తే ఆ సొమ్ముకు వాళ్లే హక్కుదారులన్న నిబంధన వచ్చింది. కాబట్టి పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా మార్చని పాలసీ ఉంటే ఆ ఇంట్లో కోర్టు గొడవకు విత్తనం పడినట్టే. మైనర్‌ను నామినీగా పెడితే సొమ్ము అందుకునే పెద్దమనిషి పేరు కూడా తప్పకుండా రాయాలి.

అప్పుల విషయంలో తెలుసుకోవాల్సింది ఒకటుంది. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చి తీరాలన్న పాత ధర్మశాస్త్ర నియమాన్ని 2005 సవరణ తీసేసింది. ఆ సవరణ తర్వాత చేసిన అప్పులకు తండ్రి నుంచి వచ్చిన ఆస్తి మేరకే వారసుల బాధ్యత. అంతకు మించి ఆ పిల్లల భవిష్యత్ సంపాదన మీద గానీ, తల్లి సొంత ఆస్తి మీద గానీ అప్పులవాడికి హక్కు లేదు. దినాలు పూర్తికాకముందే తెల్లకాగితం మీద, కొత్త ప్రోనోటు మీద ఇల్లాలి సంతకం అడిగే వడ్డీ వ్యాపారికి లొంగనక్కర్లేదు.

ప్రైవేటు ఉద్యోగి పోతే ఈపీఎఫ్ పింఛను పథకంలో వితంతు పింఛనుతో పాటు ఇద్దరు పిల్లలకు 25 ఏళ్ల వయసు వరకు, ఒక్కొక్కరికి ఆ పింఛనులో 25 శాతం వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ లేకపోతే 75 శాతం. ఇది ఎవరూ పంచుకోలేని సొమ్ము. దరఖాస్తు పెట్టుకోవడమే మిగిలింది.

మతం మారితే లెక్క మారుతుంది

ముస్లిం కుటుంబాల్లో షరియత్ ప్రకారం పంపకం. పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగిలిన దాంట్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. కష్టమంతా అనాథ మనవల దగ్గర వస్తుంది. తాత బతికుండగానే తండ్రి పోతే, తాతకు మరో కొడుకు ఉన్నంతకాలం సున్నీ హనఫీ నియమాల ప్రకారం ఆ మనవలకు వారసత్వం రాదు. పాకిస్తాన్ 1961లోనే దీన్ని సరిచేస్తూ శాసనం చేసింది. మన దగ్గర దారి తాత చేతిలో ఉంది. మూడో వంతు వరకు వీలునామా రాయవచ్చు, బతికుండగానే హిబా (దానం) ఇవ్వవచ్చు. తల్లి విషయంలో షరియత్ మరింత కఠినం. ఆమె మైనర్ స్థిరాస్తికి సంరక్షకురాలు కాదు. కోర్టు నియమించకుండా ఆమె చేసిన అమ్మకం మొదటి నుంచీ చెల్లదు.

క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం. భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా. గిరిజనులకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు, ఆచారమే ఆధారం. ఆచారం కాదంటోందని నిరూపణ కాకపోతే ఆడబిడ్డ వారసులకూ సమాన వాటా ఇవ్వాల్సిందేనని 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబం కేసులో చెప్పింది. మన ఏజెన్సీ గ్రామాలకూ ఈ తీర్పు దారి చూపుతుంది.

జమీందారు బిడ్డకు ఉన్నది, చిన్న రైతు బిడ్డకు లేనిది

మైనర్ ఆస్తికి కాపలా ఎలా పెట్టాలో మన పాలకులకు తెలియక కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందారు మైనర్ వారసుణ్ని వదిలి కన్నుమూస్తే ప్రభుత్వమే కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పేరుతో ఎస్టేటును చేతిలోకి తీసుకునేది. శిస్తు వసూళ్లు, అప్పుల చెల్లింపు, బిడ్డ చదువు, అన్నీ చూసుకుని యుక్తవయసు వచ్చాక అప్పగించేది. 1902లో దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. అప్పుడు ఆ కాపలా ఎస్టేట్లున్న ఇళ్లకే దక్కింది. రెండెకరాల రైతు బిడ్డకు అలాంటి ఏర్పాటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇవాళ కూడా కొన్నిచోట్ల కాపలా ఉంది. రోడ్డు ప్రమాదంలో తండ్రి పోతే ట్రిబ్యునల్ ఇచ్చే పరిహారంలో మైనర్ భాగాన్ని పద్దెనిమిదేళ్లు నిండేవరకు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంచుతారు. కోవిడ్‌తో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు పీఎం కేర్స్ పథకంలో బిడ్డ పేరనే పోస్టాఫీసు ఖాతా తెరిచారు. ఇరవై మూడేళ్లు నిండాక పది లక్షలు చేతికి అందేలా ఏర్పాటు చేశారు. ప్రభుత్వ సొమ్మును బిడ్డ కోసం దాచగలిగినప్పుడు, బిడ్డ సొంత సొమ్మును ఎందుకు దాచలేం?

కొత్త చట్టం అక్కర్లేదు. తహసీల్దారు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు అందులో మైనర్ పేరు ఉంటే, ఒక ప్రతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకూ, బాలల సంరక్షణ విభాగానికీ తప్పనిసరిగా వెళ్లాలి. మైనర్ వాటా ఉన్న దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ ముందుకు వస్తే కోర్టు ఉత్తర్వు నంబరు అడగాలి. తెలంగాణలో 2025లో వచ్చిన భూభారతి చట్టం విరాసత్ (వారసుల పేరు మీదికి పట్టా మార్పు) చేసేముందు నోటీసులు, విచారణ ఉండాలంటోంది. ఆ విచారణలో ఇంట్లో మైనర్లున్నారా అన్న ప్రశ్న మొదటిది కావాలి. అనుమతి కోసం వేసే ఓపీలను జిల్లా కోర్టులు గడువు పెట్టి తేలిస్తే తల్లులు దొడ్డిదారి వెతుక్కోరు.

ఇంట్లోవాళ్లు చేయాల్సినవి

• ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు పిల్లలందరి పేర్లూ రాయించండి. మొదటి భార్య పిల్లలను, కడుపులో బిడ్డను, పెళ్లయిన కూతురిని వదిలేయకండి.

• పట్టా పెద్దవాళ్ల పేరుకు మార్చినంత మాత్రాన పిల్లల హక్కు పోదు. అయినా పాస్‌పుస్తకంలో మైనర్ల పేర్లు, సంరక్షకుల పేర్లు ఎక్కేలా చూడండి.

• బ్యాంకు, బీమా, పీఎఫ్ సొమ్ము రాగానే పిల్లల వాటా వాళ్ల పేరన డిపాజిట్ చేయండి. వడ్డీ చదువుకు వాడుకోవచ్చు, అసలు ముట్టుకోవద్దు.

• నగల జాబితా బరువులతో సహా రాసి, రెండు వైపుల పెద్దలతో సంతకాలు చేయించండి.

• కోర్టు అనుమతి లేకుండా మైనర్ వాటా అమ్మకండి, కొనకండి, హక్కు విడుదల పత్రం రాయించకండి.

• వకీలు ఖర్చుకు భయపడొద్దు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకూ పిల్లలకూ ఉచిత న్యాయసాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేయవచ్చు, జిల్లా కోర్టు ఆవరణలోని కార్యాలయానికి నేరుగా వెళ్లవచ్చు.

• బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండిన రోజున కాగితాలన్నీ ముందుపెట్టి, ఏది తనదో చెప్పండి.

పెద్దమనుషుల పంచాయితీకి మన ఊళ్లలో ఇప్పటికీ విలువ ఉంది. ఆ విలువ నిలబడాలంటే పంపకాల మాట ఎత్తిన ప్రతిచోటా ‘ముందు పిల్లల వాటా పక్కన పెట్టండి, మిగిలిన దాని గురించి మాట్లాడదాం’ అనగలిగే మనిషి ఒక్కడైనా ఉండాలి. పదేళ్ల పిల్లవాడు దావా వేయలేడు, దస్తావేజు చదవలేడు, పంచాయితీలో నోరు విప్పలేడు. అతని తరఫున ఆ మాట అనడం చుట్టరికానికి వన్నె తెస్తుంది. తండ్రి లేని బిడ్డకు మనం కొత్తగా ఏమీ ఇవ్వలేకపోయినా ఫర్వాలేదు, తండ్రి వదిలి వెళ్లింది మాత్రం చెక్కుచెదరకుండా అప్పగించాలి.